హెలెన్ మాత్రలు, హెర్మన్ మాత్రలు



పోయిన నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి విజయనగరం నుంచి వచ్చింది. రాసినవాడు ఏడవ తరగతి కుర్రవాడు. వాడి ప్రశ్న ఇది:

"మాస్టారూ! మా బళ్ళో ప్రతి పాఠానికీ ఒక ప్రాజెక్టు చెయ్యమంటారు. నేను కొట్టుకు వెళ్ళి బొమ్మల కాగితం కొంటాను. వాటిని కత్తిరించి అట్ట మీద అంటిస్తాను. కింద రాయవలసింది మా అమ్మ రాస్తుంది. టీచరుగారు సంతకం చేసి బీరువాలో పెట్టేస్తారు. తరవాత దాన్ని ఎవరూ చూడరు. ఇందువల్ల ఎవరికి లాభం?"

ఉత్తరం చదివి నేను నవ్వుకున్నాను గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎందుచేతనంటే, అలాంటి అట్టలకు సంతకాలు చేసిన చేతులలో నా చెయ్యి కూడా ఉన్నది. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు మా మనవరాలి సంగతి వినండి.

మా మనవరాలు హైదరాబాదులో గ్రాఫిక్ డిజైన్ చదువుతున్నది. అదేం చదువని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. "తాతయ్యా, నీ చేతిలో ఉన్న పత్రికలో అక్షరం ఎంత ఉండాలి, రెండు వరసల మధ్య ఎంత ఖాళీ వదలాలి, బొమ్మ ఎటువైపు రావాలి, ఇవన్నీ ఎవరో ఆలోచించి పెట్టినవే. అదే నా చదువు," అన్నది. రైల్వే స్టేషనులో మంచినీళ్ళ కొళాయి గుర్తు, వీధి చివర బళ్ళ మలుపు గుర్తు కూడా ఆ కోవలోవే. మన రూపాయికి ఇప్పుడొక గుర్తున్నది గదా, దాన్ని ప్రభుత్వం 2010లో ఎంపిక చేసింది. దాన్ని గీసిన ఉదయకుమార్ అనే ఆయన కూడా ఈ తరహా విద్య నేర్చినవాడే.

సంక్రాంతి సెలవులకు ఆ పిల్ల తన ప్రాజెక్టులన్నీ గొట్టంలో చుట్టి తెచ్చి, మా వసారాలో పరిచింది. ఒకటి గాలిపటాల పండగ పోస్టరు. ఎంత అందంగా ఉన్నదంటే, పాలు పోయటానికి వచ్చినవాడు కూడా చెంబు కింద పెట్టి దాన్ని చూస్తూ నిలబడ్డాడు. దానికి నూటికి 88 మార్కులు వచ్చాయట. ఒక మూల మాత్రం నలిగి, అంచులు మాసిపోయిన చిన్న చిన్న అట్టముక్కలు కొన్ని ఉన్నాయి. వాటికి 62.

"వీటిలో నీకు ఏది బాగా వచ్చిందనుకుంటున్నావు?" అని అడిగాను.

ఆ పిల్ల తడుముకోకుండా ఆ మాసిన అట్టముక్కలు చూపించింది. "పోస్టరు రెండు రాత్రుల్లో అయిపోయింది తాతయ్యా. అది చేస్తున్నప్పుడు మా మాస్టారు ఏమంటారా అని తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. ఇది మాత్రం తొమ్మిది సార్లు చేశాను," అన్నది.

ఆ అట్టముక్కలకు కారణం నేనే. సిగ్గుపడకుండా చెప్పేస్తాను.

మా ఇంట్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉన్నది. నాకు రక్తపోటు, మా ఆవిడకు షుగరు. ఇద్దరి మాత్రలూ అందులోనే పడి ఉండేవి. వీటిని మా వైపు బిళ్ళలంటారు, తెలంగాణాలో గోలీలంటారు. ఏమన్నా అవన్నీ చిన్నవే, తెల్లనివే, గుండ్రనివే. మందుల షాపులో నాలుగు మాత్రలు కావాలంటే షీటును కత్తిరించి ఇస్తారు గదా. ఆ కత్తిరింపులో పేరు సగం అక్కడే పోతుంది, తేదీ ఉన్న కొస వాళ్ళ దగ్గిరే ఉండిపోతుంది. పోయిన వేసవిలో ఒకనాటి పొద్దున కరెంటు లేదు. కళ్ళజోడు ఎక్కడో పెట్టాను. చేతికి అందిన షీటు లోంచి ఒక మాత్ర వేసుకుని, మంచినీళ్ళు తాగి, పేపరు పట్టుకుని కూర్చున్నాను.

గంటకో గంటన్నరకో ఒళ్ళంతా చెమట పట్టింది. పేపరు పట్టుకున్న చేతులు వణికాయి. మాట తడబడింది. నేను ఎండ దెబ్బ అనుకున్నాను గాని, మా ఆవిడ అనుకోలేదు. ఆమెకు ఆ లక్షణాలు తెలుసు. డబ్బా తెరిచి చూసి, "మీరు నా మాత్ర వేసుకున్నారు!" అని, పరుగున వెళ్ళి చక్కెర నీళ్ళు కలిపి తెచ్చి తాగించింది. కొన్ని రకాల షుగరు మాత్రలు ఆ జబ్బు లేనివాడు, అందులోనూ ఖాళీ కడుపున, వేసుకుంటే నెత్తుటిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ రోజు సాయంత్రం దాకా నన్ను ఆస్పత్రిలోనే ఉంచారు. "మీరు చదువుకున్నవారే గదా!" అన్నాడు కుర్ర డాక్టరు. ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు చదవటం నేర్పినవాణ్ణి, షీటు మీద పేరు చదవలేదు. ఏం జవాబు చెప్పను?

ఆ వేళ మా మనవరాలు ఇంట్లోనే ఉన్నది. నాతో ఏమీ అనలేదు. తరవాత కాలేజీలో, "మీ ఇంట్లో చదవటానికి కష్టమైన వస్తువు ఏదన్నా తీసుకుని దాన్ని బాగుచెయ్యండి," అని ప్రాజెక్టు ఇచ్చినప్పుడు, ఈ పిల్ల లేచి మా డబ్బా సంగతి చెప్పింది. అప్పుడు వాళ్ళ మాస్టారు క్లాసుకంతటికీ ఒక కథ చెప్పాడట. కథంటే కల్పన కాదు, జరిగినదే.

అమెరికాలో న్యూయార్కు నగరంలో స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్ అనే కళాశాల ఉన్నది. అక్కడ డెబొరా ఆడ్లర్ అనే విద్యార్థిని మా మనవరాలు చదివే చదువే చదివేది. ఆమె అవ్వ పేరు హెలెన్, తాత పేరు హెర్మన్. (ఇంగ్లీషులో అమ్మమ్మకూ నాయనమ్మకూ ఒకే మాట గనక మనం అవ్వ అని సరిపెట్టుకుందాం.) ఒకసారి హెలెన్ పొరపాటున హెర్మన్ మాత్రలు వేసుకున్నది!

అక్కడ మందుల షాపువాడు మాత్రలను షీట్లలో ఇవ్వడు. డాక్టరు చీటీ చూసి, మాత్రలు లెక్కపెట్టి, తేనె రంగు ప్లాస్టిక్ సీసాలో పోసి, దాని మీద కాగితం అంటించి ఇస్తాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరవాత వచ్చిన ఆ సీసా యాభై ఏళ్ళు దాటినా ఇంచుమించు అలాగే ఉండిపోయింది. ఎవరి సీసా అయినా ఒకటే రూపు. దానికి తోడు, హెలెన్, హెర్మన్ పేర్లు రెండూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి.

డెబొరా అప్పుడు తన చదువు ముగించటానికి చెయ్యవలసిన పెద్ద ప్రాజెక్టులో ఉన్నది. ఆమె ఆ సీసా తీసుకుని, చదువురాని పిల్ల చూసినట్టు దాన్ని చూసింది. సీసా గుండ్రం, కాబట్టి మీద రాసినదంతా ఒక్కసారి కంటికి ఆనదు, తిప్పి తిప్పి చదవాలి. అన్నిటి కన్న కొట్టొచ్చినట్టు కనబడేది షాపు పేరు! రోగికి కావలసిన మందు పేరూ, ఎన్ని వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోవాలి అన్నదీ మాత్రం చిన్న అక్షరాలలో ఇరుకున పడి ఉన్నాయి. జాగ్రత్తలు చెప్పే గుర్తులు ఎవరికి అర్థమవుతాయో తెలియదు. "ఖాళీ కడుపున వేసుకోవాలి" అని చెప్పే గుర్తు డెబొరా కంటికి పెట్రోలు టాంకులాగా కనిపించిందట!

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. డెబొరా ఏమీ కనిపెట్టలేదు. కొత్త మందు తయారు చెయ్యలేదు. కాగితం మీద ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అని మాత్రమే ఆలోచించింది. కాగితానికి అడ్డంగా ఒక గీత గీసింది. మందు పేరు, మోతాదు, ఎలా వేసుకోవాలి అన్నవి గీతకు పైన రాసింది. డాక్టరు పేరు, ఎన్ని మాత్రలున్నాయి, ఎప్పటిదాకా పనిచేస్తాయి వంటివి గీతకు కింద రాసింది. ఇంతే! మీరు కూడా చెయ్యగలిగిన పనే ఇది. కాని యాభై ఏళ్ళుగా ఎవరూ చెయ్యలేదు.

ఇంకొక చమత్కారం చూడండి. ఇంగ్లీషులో "రోజుకు ఒకసారి" అని రాయటానికి "వన్స్" అనే మాట ఉన్నది. అమెరికాలో స్పానిష్ భాష మాట్లాడేవాళ్ళు చాలామంది. వాళ్ళ భాషలో అవే అక్షరాలకు అర్థం 11! స్పానిష్ మాత్రమే వచ్చిన ముసలావిడ ఆ కాగితం చదివితే ఏమవుతుంది? డెబొరా ఆ మాటే వాడకుండా, "ప్రతిరోజూ" అనే అర్థం వచ్చే మాట వేసింది. మన డాక్టర్లు చీటీలో 1-0-1 అని రాస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని దాని భావం. అది తెలియనివాడికి నూటొకటి లాగా కనిపిస్తే వాడి తప్పా?

డెబొరా ఈ ప్రాజెక్టును 2002లో ముగించింది. ఇది బీరువాలో ఉండిపోలేదు. దేశమంతటా దుకాణాలున్న టార్గెట్ అనే కంపెనీ దాన్ని తీసుకున్నది. క్లౌస్ రోజ్‌బర్గ్ అనే ఆయన సీసా తయారీ విషయంలో సాయపడ్డాడు. ఆయన సీసాను తలకిందులు చేశాడు. అంటే, అది మూత మీద నిలబడుతుందన్నమాట! అందువల్ల కాగితాన్ని సీసా నెత్తి మీదుగా చుట్టటానికి వీలయింది. పక్కలు చదునుగా ఉండటంచేత చదవటానికి తిప్పనక్కర్లేదు. మందు పేరు సీసా నెత్తిన కూడా ఉంటుంది. సొరుగులో పడి ఉన్నా పై నుంచి కనబడుతుంది. గుర్తులను డెబొరా, మిల్టన్ గ్లేజర్ అనే పేరుపొందిన చిత్రకారుడితో కలిసి, ముఖ్యమైనవి 25 ఏరి, కొత్తగా గీసింది.

అన్నిటి కన్న నాకు నచ్చినది ఉంగరాల సంగతి. సీసా మెడకు తొడగటానికి ఆరు రంగుల రబ్బరు ఉంగరాలు చేశారు. ఇంట్లో ఎవరి రంగు వారిది. అవ్వది ఆకుపచ్చ అయితే, తాత ఆకుపచ్చ సీసా జోలికి వెళ్ళడు. అక్షరాలు తెలియకపోయినా, దీపం లేకపోయినా, రంగు తెలిస్తే కొంత మేలే గదా.

2005లో ఈ ఎర్ర సీసాలు టార్గెట్ మందుల షాపులలోకి వచ్చాయి. న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం తన సేకరణలో ఈ సీసాకు చోటిచ్చింది. పెద్ద పెద్ద చిత్రకారుల పటాలుండే చోట మందు సీసా! కాని కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. 2015లో టార్గెట్ తన మందుల షాపులను మరొక కంపెనీకి అమ్మివేసింది. మరుసటి ఏడు ఎర్ర సీసాలు పోయి, మళ్ళీ మామూలు సీసాలు వచ్చాయి. వాడుతున్నవాళ్ళలో చాలామంది, మా పాత సీసా మాకు కావాలని మొత్తుకున్నారు.

సరే, ఈ కథ విని మా మనవరాలు దసరా సెలవులకు ఇంటికి వచ్చి, నాకూ, వాళ్ళ అమ్మమ్మకూ మాత్రలు పెట్టుకునే అట్ట కవర్లు చెయ్యటం మొదలుపెట్టింది. మాత్రలను షీటు నుంచి ఊడదీయకుండా, షీటుతో సహా కవరులో పెట్టాలి. ఎప్పుడు వేసుకోవాలో కవరు మీద ఉండాలి. (మీరెవరూ పెద్దవాళ్ళు లేకుండా మాత్రలు తీయటం, సర్దటం చెయ్యకండి సుమా!)

మొదటి కవరు చాలా నాజూకుగా వచ్చింది. మీగడ రంగు కాగితం మీద బూడిద రంగు అక్షరాలు. వాళ్ళ అమ్మమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గిరగా పెట్టి చూసి, "కాగితం బాగుందే, రాసింది ఏదీ?" అన్నది.

రెండవసారి అక్షరాలు నల్లగా, బొద్దుగా రాసింది. మూడవసారి బొమ్మలు కూడా వేసింది. పొద్దున వేసుకునే మాత్రకు సూర్యుడు.

"ఇది ఉదయమా, మిట్టమధ్యాహ్నమా?" అన్నది అమ్మమ్మ. రాత్రి మాత్రకు చంద్రుడు. "అమావాస్యనాడు మానెయ్యనా?"

మేమందరం నవ్వాము గాని, మా మనవరాలు నవ్వలేదు. పుస్తకం తీసి రాసుకున్నది. రెండు రోజులు వాళ్ళ అమ్మమ్మ వెంట వంటింట్లో తిరిగింది. ఆవిడ గడియారం చూసి మాత్ర వేసుకోదని అప్పుడు తెలిసింది. కాఫీ తాగాక ఒకటి, భోజనానికి కూర్చునే ముందు ఒకటి, దోమతెర దించాక ఒకటి. అంచేత సూర్యచంద్రులు పోయి, కాఫీ గ్లాసూ, కంచమూ, దోమతెర కట్టిన మంచమూ వచ్చాయి. ఈసారి అమ్మమ్మ దేన్నీ తప్పు చెప్పలేదు. ఒక్క కంచం దగ్గిర మాత్రం చిక్కు వచ్చింది. భోజనానికి ముందు అని చెప్పటానికి ఆ పిల్ల ఖాళీ కంచం వేసింది.

"ఖాళీ కంచమంటే అన్నం తినేసినట్టు కాదుటే?" అన్నది అమ్మమ్మ.

ఇందుకు బొమ్మతో పని జరగలేదు. చివరకు కంచం పక్కన, "అన్నానికి ముందు" అని పెద్ద అక్షరాలు రాయవలసి వచ్చింది. "బొమ్మ గీస్తే చదువురానివాళ్ళకు కూడా తెలిసిపోతుందని మా పుస్తకాలలో ఉంటుంది తాతయ్యా. గీసినవాడి తలలో ఉన్నది చూసేవాడి తలలో ఉండకపోతే తెలియదు," అన్నది మా మనవరాలు. ఇలా తొమ్మిది సార్లు అయింది. ఆ అట్టముక్కల అంచులు మాసినది అందుకే. వాటి మీద పసుపు మరకలు కూడా ఉన్నాయి.

మరి 62 మార్కులే ఎందుకు వచ్చాయి? రంగుల పొందిక చాలదనీ, అక్షరాలు మోటుగా ఉన్నాయనీ కాలేజీలో అన్నారట. ఆ మాస్టార్లను నేను తప్పు పట్టను. వాళ్ళు బల్ల మీది అట్టను చూసి మార్కులు వెయ్యాలి. మా ఆవిడ వంటిల్లు వాళ్ళకెలా కనబడుతుంది?

తప్పు పట్టవలసి వస్తే నన్నే పట్టాలి. ఇందాక చెబుతానన్నది ఇదే. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఎనిమిదవ తరగతికి దోమలను గురించి ప్రాజెక్టు ఇచ్చాను. అందరూ పెద్ద పెద్ద అట్టల మీద దోమ బొమ్మలు రంగురంగులుగా అంటించి తెచ్చారు. ఒక కుర్రవాడు మాత్రం నోటు పుస్తకంలోంచి చింపిన రెండు కాగితాలు తెచ్చాడు. వాడు తన వీధిలో నీళ్ళు నిలిచే చోట్లన్నీ తిరిగి చూసి, వరసగా రాశాడు: ఫలానా ఇంటి వెనక రుబ్బురోలు, ఫలానా అరుగు కింద పగిలిన కుండ, పంపు దగ్గిర గుంట, మెకానిక్కు షెడ్డు ముందు పాత టైర్లు. ఎన్నో చోట పురుగులు ఈదుతున్నాయో కూడా రాశాడు. దస్తూరీ కోడి గీకినట్టున్నది. అట్ట లేదు, బొమ్మ లేదు. నేను పదికి నాలుగు వేశాను. "నీటుగా చేయాలి" అని ఎర్ర సిరాతో రాశాను కూడా.

ఆ కాగితాలు పంచాయతీ ఆఫీసుకు తీసుకువెళ్ళి ఇవ్వవలసినవి. కనీసం దాచవలసినవి. అదీ చెయ్యలేదు.

విజయనగరం అబ్బాయీ! నీకు వచ్చే నెల ప్రాజెక్టు ఏమిచ్చారో నాకు రాయి. బొమ్మల కాగితం కొనే ముందు రాయి. ఆ పాఠం సంగతి మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఎవరికి ఇబ్బందిగా ఉన్నదో చూసి, వాళ్ళ వయసెంతో, వాళ్ళు ఏమన్నారో కూడా రాయి. దస్తూరీ ఎలా ఉన్నా ఫరవాలేదు.

మా డబ్బా ఇప్పుడు వసారాలో కిటికీ పక్కన, వెలుతురున్న చోట ఉంటున్నది. నా కవర్లకు ఎర్ర రబ్బరు బ్యాండ్లు. మా ఆవిడ తనకు ఆకుపచ్చవి కావాలన్నది. మా ఊళ్ళో దొరకలేదు. మనవరాలి చిన్ననాటి జడ రిబ్బను ముక్కలు కట్టుకున్నది. మొన్న షాపులో మా ఇద్దరికీ వేరే కంపెనీ మాత్రలు ఇచ్చారు. మందు అదే, పేరు వేరు. నాది ఇప్పుడు గులాబీ రంగు. షాపువాణ్ణి రెండుసార్లు అడిగి, చీటీతో సరిచూసుకుని ఇంటికి తెచ్చాను. కవర్లలో పెట్టబోతుంటే మా ఆవిడ నా చేతికి కళ్ళజోడు ఇచ్చి, "పైకి చదవండి," అన్నది.

హాజరు పట్టీ పిలిచినట్టు ఒక్కొక్క పేరే చదివాను. ఆవిడ తనవి వచ్చినప్పుడల్లా, "ఆఁ, అది నాది," అంటూ తీసుకున్నది.